పిల్లల ఉస్తాద్ జాకిర్ సాహెబ్

ఏటేటా మన సొసైటీ వార్షికోత్సవంలో పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న మన పిల్లలను వేదిక మీదికి పిలిచి బహుమతులిస్తున్నాము. చప్పట్లు కొడుతున్నాము. ఇది మంచి పనే, కాదనము. కాని పదో తరగతి దాకా రాకముందే దారిలో జారిపోయిన జహీన్ పిల్లలు ఎంతమంది? రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో అందరికన్నా ముందు పాఠం చదివేసి, ఇంకేం చెయ్యాలో తోచక పక్కవాడిని గిల్లి, ఉస్తాద్ చేత దెబ్బలు తిన్న పిల్లవాడికి మనం ఏ బహుమతి ఇచ్చాము? ఈ మాట చాలాకాలంగా మా మనసులో ఉన్నది. ఈ సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు మాకు వెంటనే తోచిన పేరు మర్హూమ్ డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారిది.

జాకిర్ సాహెబ్ అనగానే అందరికీ రాష్ట్రపతి గుర్తుకొస్తారు. గులాబీ తోటలు, షేర్వానీ, తెల్లని గడ్డం గుర్తుకొస్తాయి. అది ఆయన జీవితంలో చివరి రెండేళ్ళ సంగతి మాత్రమే. అంతకుముందు ఇరవై రెండేళ్ళ పాటు ఆయన ఒక పేద విద్యాలయాన్ని నడిపారు. అందులోనూ ఆయన మనసంతా ప్రాథమిక పాఠశాల మీదనే ఉండేది. ఆ సంగతే మేము ఇక్కడ చెప్పదలచుకున్నాము.

ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే, 1897 ఫిబ్రవరి 8న. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఉత్తరాది కాయంగంజ్ నుంచి వచ్చి హైదరాబాదులో వకీలుగా స్థిరపడి మంచి పేరు సంపాదించారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడోవాడు. మొదటి చదువు హైదరాబాదులోనే సాగింది. 1907లో తండ్రి పోయారు. కుటుంబం తిరిగి కాయంగంజ్ చేరింది. అప్పటికి జాకిర్‌కు పదేళ్ళు. అక్కడి నుంచి ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు హాస్టలుకు పంపారు. 1911లో ప్లేగు వచ్చి తల్లి కూడా పోయింది. పద్నాలుగేళ్ళకు తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లవాడయ్యాడు. మన సమాజంలో యతీములైన పిల్లలు ఎందరో ఉన్నారు గనుక ఈ సంగతి గుర్తుపెట్టుకోవలసినది.

ఆ పిల్లవాడు చురుకైనవాడని ఉస్తాదులు ముందే గుర్తించారు. అయితే అతనికి భాష అబ్బింది క్లాసు పుస్తకం వల్ల మాత్రమే కాదు. రెండు సంగతులు చెబుతాము. కాయంగంజ్‌లో హసన్ షా అనే సూఫీ ఒకాయన ఉండేవారు. పుస్తకాలంటే ఆయనకు ప్రాణం. కొనలేని పుస్తకాలను నకలు రాయించుకునేవారు. సెలవులకు వచ్చిన జాకిర్ చేత కూడా అలా రాయించేవారు. పిల్లవాడు కూర్చుని పేజీలకు పేజీలు రాసేవాడు. రాస్తూ రాస్తూ మంచి వాక్యం ఎలా మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది చేతికే తెలిసిపోయింది. ఒక పెద్దమనిషి తనను నమ్మి పుస్తకం చేతికిచ్చాడన్న గౌరవం కూడా దక్కింది.

రెండో సంగతి ఇటావాలోది. అది ట్రిపోలీ, బాల్కన్ యుద్ధాల కాలం. తుర్కీ వార్తల కోసం ముస్లిములందరూ ఆత్రుతగా ఎదురుచూసేవారు. జాకిర్ రైలు స్టేషనుకు పోయి ఇంగ్లీషు పత్రిక తెచ్చి, ఆ వార్తలను తోటివారికి వినిపించేవాడు. ఇంగ్లీషులో చదవాలి, దాన్ని అర్థం చేసుకోవాలి, ఉర్దూలో అప్పటికప్పుడు చెప్పాలి, వినేవారి మనసుకు ఎక్కేలా చెప్పాలి. ఇంతకు మించిన భాషా పాఠం ఏ ట్రైనింగు కాలేజీ తయారు చెయ్యగలదు? పరీక్ష లేదు, మార్కులు లేవు. అవతల వినేవాళ్ళు మాత్రం ఉన్నారు. చురుకైన పిల్లవాడికి కావలసింది అదే. వాడి మాట ఎవరికో అవసరమని వాడికి తెలియాలి.

తర్వాత అలీగఢ్ కాలేజీ. అక్కడ వాదోపవాదాల్లో ఆయనను మించినవారు లేరని పేరొచ్చింది. 1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాలయాలను వదలమని విద్యార్థులను కోరారు. జాకిర్ హుస్సేన్ అప్పుడు ఎమ్మే చదువుతూ పాఠాలు కూడా చెబుతున్నారు. ముందు మంచి ఉద్యోగం ఉన్నది. దాన్ని వదులుకుని ఆయన కొద్దిమందితో కలిసి బయటికి వచ్చారు. అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది.

1922లో పై చదువుకు జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. అక్కడ ఉండగానే బెర్లిన్‌లోని కావియానీ ప్రెస్సులో గాలిబ్ దీవాన్ అచ్చు వేయించారు. అక్షరాలు కూర్చే పని కూడా కొంత తన చేతులతోనే చేశారు. భాష మీద ప్రేమ అంటే ఇది. నోటితో ముషాయిరాలో వాహ్ వాహ్ అనడం తేలిక, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చడం కష్టం. జర్మనీలో ఆయన కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త భావాలను కూడా బాగా చదివారు. చేతితో పని చేస్తూ, ఆ పనిలోంచే బుద్ధి పెంచుకోవాలన్నది ఆ పద్ధతి సారం.

ఇక్కడ జామియా పరిస్థితి చాలా దీనంగా ఉన్నది. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడింది, చందాలు ఆగిపోయినవి, మూసేద్దామన్న మాట వచ్చింది. బెర్లిన్‌లో ఉన్న జాకిర్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్, ఆబిద్ హుస్సేన్ అనే ముగ్గురు మిత్రులు తాము వచ్చి పని చేస్తామని కబురు పెట్టారు. 1926లో వచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో జాకిర్ సాహెబ్ జామియాకు వైస్ చాన్సలర్ అయ్యారు. పేరు పెద్దది, జేబు ఖాళీ. హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ 1927 చివర మరణించాక పరిస్థితి ఇంకా దిగజారింది. అప్పుడు కొందరు ఉస్తాదులు ఒక ప్రతిజ్ఞ చేశారు. ఇరవై ఏళ్ళు జామియాను వదలము, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోము అని. అందులోనూ నెలల తరబడి జీతం అందని రోజులు ఉన్నాయి. హమ్‌దర్దానె జామియా అనే పేరుతో సామాన్యుల దగ్గర చిన్న చిన్న చందాలు పోగు చేశారు. హైదరాబాదు నిజాం ప్రభుత్వం కూడా సాయం మంజూరు చేసింది. మన సొసైటీ ఖజాంచీ సాహెబ్ ఈ భాగం రెండుసార్లు చదవాలని మా మనవి.

బెర్లిన్ డాక్టరేటు పుచ్చుకుని వచ్చిన మనిషి ఎక్కువ ధ్యాస ఎక్కడ పెట్టారు? కాలేజీ తరగతుల మీద కాదు, చిన్నపిల్లల బడి మీద. ఆ బడిని నడిపినవారు అబ్దుల్ గఫార్ ముధోలీ గారు. ఆయన ప్రాజెక్టు పద్ధతి తెచ్చారు. పిల్లలు తామే దుకాణం నడిపేవారు. తామే బ్యాంకు నడిపేవారు. పిల్లల ప్రభుత్వం అని ఒకటి పెట్టుకుని తమలో తామే బాధ్యతలు పంచుకునేవారు. జర్మనీ నుంచి గెర్దా ఫిలిప్స్‌బార్న్ అనే యూదు మహిళ జాకిర్ సాహెబ్ స్నేహాన్ని బట్టి ఇక్కడికి వచ్చి పిల్లల సేవలో ఉండిపోయారు. పిల్లలందరికీ ఆమె ఆపాజాన్. 1943లో ఇక్కడే కన్నుమూశారు. జామియా దగ్గరే ఆమె సమాధి ఉన్నది.

దుకాణానికీ భాషకూ ఏం సంబంధం అని కొందరు అడగవచ్చు. మేము ఉస్తాద్‌గా చెబుతున్నాము, చాలా సంబంధం ఉన్నది. దుకాణం నడపాలంటే సరుకుల జాబితా రాయాలి. సరుకు బాగా లేకపోతే ఉత్తరం రాయాలి, అది మర్యాదగానూ ఉండాలి, గట్టిగానూ ఉండాలి. సభ పెడితే మాట్లాడాలి, ఎదుటివాడి మాట వినాలి, ఏం తీర్మానించారో రాసిపెట్టాలి. ఒకే పనిలో నెమ్మదిగా చదివే పిల్లవాడికి చీటీ రాసే పని దొరుకుతుంది, చురుకైనవాడికి నెలంతా ఏం జరిగిందో నివేదిక రాసే పని దొరుకుతుంది. ఇద్దరూ ఒకే బెంచీ మీద ఉంటారు, ఎవరి పని వారికి సరిపోతుంది. చురుకైనవాడిని పైతరగతిలోకి తోసెయ్యనక్కర లేదు, మందకొడివాడిని సిగ్గుపరచనక్కర లేదు.

పిల్లల విషయంలో ఆయన పెద్దరికం చూపించుకోలేదు. పిల్లలు శుభ్రమైన బూట్లతో రావాలని చెప్పి చెప్పి విసిగి, ఒకరోజు వైస్ చాన్సలర్ గారే బ్రష్షు, పాలిష్ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారని అందరూ చెప్పుకుంటారు. ఆ తర్వాత ఎవరూ మురికి బూట్లతో రాలేదట. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త బడి భవనానికి పునాది రాయి వేయవలసి వచ్చింది. ఏ నవాబునో, ఏ మంత్రినో పిలవలేదు. బడిలో అందరికన్నా చిన్న పిల్లవాడి చేత వేయించారు.

ఇక ఒక కష్టమైన సంగతి. జాకిర్ సాహెబ్‌కు రెహానా అనే చిన్న కూతురు ఉండేది. ఒకనాడు ఆయన ప్రాథమిక పాఠశాల పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. ఇంటి నుంచి మనిషి వచ్చి పాపకు బాగా లేదని చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. మళ్ళీ మనిషి వచ్చి పాప పోయిందని చెప్పాడు. ముఖం పాలిపోయింది గాని చెయ్యి ఆగలేదు. చివరి పిల్లవాడి దాకా పంచి ఇంటికి వెళ్ళారు. ఎందుకలా చేశారని తర్వాత అడిగితే, అంత సంతోషంగా ఉన్న పిల్లల సంతోషం పాడు చెయ్యబుద్ధి కాలేదన్నారట. ఇది సరి అని గాని, కాదని గాని మేము చెప్పలేము. మాకూ పిల్లలున్నారు. మేమైతే పరుగెత్తేవాళ్ళం.

జామియా నుంచి వెలువడే పిల్లల పత్రిక పయామె తాలీమ్‌లో ఆయన కథలు రాశారు. తన పేరు పెట్టుకోలేదు. రుఖయ్యా రెహానా అని పోయిన కూతురి పేరుతో రాశారు. ఆ పాపకు చెప్పవలసిన కథలు ఊళ్ళోని పిల్లలందరికీ చెప్పారన్నమాట.

ఆ కథల్లో అబ్బూ ఖాన్ కీ బక్రీ అనేది ఉర్దూ చదివిన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఫ్రెంచి రచయిత అల్ఫోన్స్ దోదే కథకు అది దగ్గరి చుట్టం. జాకిర్ సాహెబ్ దాన్ని అల్మోడా కొండల్లోకి తెచ్చి మన కథ చేశారు. అబ్బూ ఖాన్ అనే ముసలాయన మేకల్ని ప్రేమగా పెంచుతాడు. ఒక్కొక్కటే తాడు తెంపుకుని కొండమీదికి పోతాయి, తోడేలు తినేస్తుంది. చివరికి చాంద్‌నీ అనే అందమైన మేక వస్తుంది. అదీ ఉండదు. కొండమీద పగలంతా స్వేచ్ఛగా గడిపి, రాత్రి తోడేలు ఎదురైతే పారిపోకుండా తెల్లవారేదాకా కొమ్ములతో పోరాడి, తెల్లవారాక పడిపోతుంది. చెట్టు మీద పక్షులు ఎవరు గెలిచారని తగువు పడతాయి. తోడేలే గెలిచిందని అన్నీ అంటాయి. ఒక్క ముసలి పక్షి మాత్రం చాంద్‌నీయే గెలిచిందంటుంది.

ఈ కథలో మాటలు రెండో తరగతి పిల్లవాడికి కూడా తెలిసినవే. కాని చివరి ప్రశ్న పెద్దలకు కూడా తెగేది కాదు. చురుకైన పిల్లలకు భాష నేర్పడంలో కిటుకు ఇదేనని మేము ఆలస్యంగా తెలుసుకున్నాము. వాళ్ళకు కష్టమైన మాటలు బస్తాలకొద్దీ ఎక్కించడం కాదు, తేలిక మాటల్లో కష్టమైన ప్రశ్న ఇవ్వాలి. ఎవరు గెలిచారు, ఎందుకు అలా అనుకుంటున్నావు, పక్కవాడు కాదంటున్నాడు, వాడికి నీ జవాబేమిటి అని అడగాలి. అప్పుడు పిల్లవాడు తనంతట తానే సరైన మాట కోసం వెతుకుతాడు. వెతికి తెచ్చుకున్న మాట మరచిపోడు.

ఆలస్యంగా అన్నాము గదా, కారణం చెబుతాము. కొన్నేళ్ళ క్రితం మా మూడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ఉర్దూ పుస్తకం మొదటి నెలలోనే చదివేశాడు. తర్వాత క్లాసులో అల్లరి. మేము శిక్షగా ఒకే పాఠాన్ని పదిసార్లు నకలు రాయించేవాళ్ళం. హసన్ షా కూడా నకలే రాయించారు, మేమూ నకలే రాయించాము. ఆయన రాయించింది పుస్తకం మీద ప్రేమతో, మేము రాయించింది కోపంతో. ఆ అబ్బాయి అయిదో తరగతి తర్వాత బడి మానేశాడు. ఇంట్లో ఇబ్బందులు ఉన్న మాట నిజమే, కాని బడి మీద ఇష్టం ఉంటే వాడి తండ్రి దగ్గర మేము గట్టిగా మాట్లాడగలిగేవాళ్ళం. తర్వాత ఒకసారి స్కూటర్ బాగుచేయించుకోవడానికి పోతే ఆ షెడ్డులో వాడు కనబడ్డాడు. మధ్యాహ్నం అన్నాల వేళ తోటి పనివాళ్ళకు పేపరు చదివి అర్థం చెబుతున్నాడు. మమ్మల్ని చూసి సలాం చేసి, కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీలో కూర్చోవడానికి మాకు మొహం చెల్లలేదు.

జాకిర్ సాహెబ్ పని జామియాతో ఆగలేదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ విద్యా మహాసభ జరిపారు. దాని తీర్మానాల ప్రకారం పాఠ్యప్రణాళిక తయారు చేసిన కమిటీకి జాకిర్ సాహెబ్ అధ్యక్షులు. ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, చేతిపని కేంద్రంగా చదువు అన్నవి అందులో ముఖ్యమైనవి. చాలామంది రాట్నం మాటే గుర్తుపెట్టుకున్నారు. మాతృభాష గురించి అందులో ఏమున్నదో చూసినవారు తక్కువ. ఏడేళ్ళ చదువు అయ్యేసరికి పిల్లవాడు తన చుట్టూ ఉన్న సంగతులను ధారాళంగా మాట్లాడగలగాలి. ఒక విషయం తీసుకుని స్పష్టంగా ప్రసంగించగలగాలి. మనసులో వేగంగా చదువుకోగలగాలి, పైకి భావంతో చదవగలగాలి. నిఘంటువు, విషయసూచిక, గ్రంథాలయం వాడుకోవడం తెలియాలి. చూసినదాన్ని సూటిగా రాయగలగాలి, సొంత ఉత్తరం, వ్యవహారపు ఉత్తరం రాయగలగాలి. మంచి రచయితలతో పరిచయం ఉండాలి. ఇదంతా పద్నాలుగేళ్ళ లోపు పిల్లవాడికి. మన బడుల్లో అయిదో తరగతి పిల్లవాడికి నిఘంటువు చూడడం నేర్పిన ఉస్తాదులు చెయ్యెత్తండి అంటే మేము కూడా చెయ్యి దించుకోవలసిందే.

ఆ పథకం మీద విమర్శలు వచ్చాయి. ముస్లిం లీగ్ వారు వ్యతిరేకించారు. దేశం స్వతంత్రమయ్యాక బేసిక్ విద్య పేరుతో జరిగిన తంతు చూసి జాకిర్ సాహెబ్ కూడా నిరాశపడి, ఆ మాట బాహాటంగానే చెప్పారు. ప్రాణం లేని చేతిపని ఆయన కోరినది కాదు.

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశమంతా మతకల్లోలాల్లో ఉడికిపోతున్న రోజులు. నెహ్రూ గారు, జిన్నా గారు, రాజాజీ, లియాఖత్ అలీ ఖాన్ ఒకే వేదిక మీద కూర్చున్నారు. అలా కూర్చోబెట్టగలిగిన మనిషి జాకిర్ సాహెబ్. వారి ముందు ఆయన పిల్లల ఉస్తాద్‌గా మొరపెట్టుకున్నారు. ఈ మంట ఎవరు అంటించారని వెతకవద్దు, ముందు ఆర్పండి, ఈ మంటల మధ్య మేము పిల్లలకు మానవత్వం ఎలా నేర్పగలమని అడిగారు. మరుసటి ఏడు 1947 ఆగస్టులో కాశ్మీరు వెళ్తూ జలంధర్ స్టేషనులో ఆయనే అల్లరిమూకల చేతిలో పడ్డారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి ఆయన ప్రాణం కాపాడారు. ఆ తర్వాత కూడా ఆయన మాటలో చేదు రాలేదు.

1948లో అలీగఢ్ విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్, 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. మన దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి ఆయనే. 1969 మే 3న పదవిలో ఉండగానే గుండె ఆగి కన్నుమూశారు. ఎక్కడ పడుకోబెట్టారు? తాను ప్రాణం పోసిన జామియా ఆవరణలోనే, పిల్లల గొంతులు వినబడే చోట. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

చదువరులారా, పెద్దలను తలచుకుని ఊరుకుంటే లాభం లేదు. మూడు చిన్న పనులు మన సొసైటీ చెయ్యవచ్చునని మా మనవి. ఒకటి, మనం సాయం చేస్తున్న ప్రతి ప్రాథమిక పాఠశాలలో ఒక అల్మారా పెట్టి, ఉర్దూలోనూ తెలుగులోనూ కథల పుస్తకాలు, చెరొక నిఘంటువు ఉంచాలి. తాళం వెయ్యకూడదు. పుస్తకాలు చిరిగితే చిరగనివ్వండి, చెదలు తినడం కన్నా అది మేలు. రెండు, ప్రతి బడిలో పిల్లలే రాసే గోడపత్రిక నడవాలి. చురుకైన పిల్లలకు సంపాదకత్వం ఇవ్వాలి, అయితే తోటివారి చేత రాయించే బాధ్యత కూడా వారిదే కావాలి. తెలివి అల్లాహ్ ఇచ్చిన అమానత్, పక్కవాడికి పంచితేనే దాని హక్కు తీరుతుంది. మూడు, వార్షికోత్సవం నాడు మార్కుల బహుమతులతో పాటు మూడు, నాలుగు తరగతుల పిల్లల చేత ఒక కథ చెప్పించాలి, పెద్దలు కూర్చుని వినాలి. మధ్యలో లేచి బిర్యానీ దగ్గరికి పోకూడదు.

తల్లులకు కూడా ఒక మాట. మీ పిల్లవాడు ఎక్కువ ప్రశ్నలు వేస్తుంటే విసుక్కోకండి. జవాబు తెలియకపోతే ఉస్తాద్‌ను అడగమని పంపండి. మాకూ తెలియకపోతే ఇద్దరం కలిసి ఆ అల్మారా తెరుస్తాము.

షెడ్డులో పని చేసే ఆ అబ్బాయికి ఇప్పుడు పెళ్ళయింది. కిందటి సంవత్సరం తన కొడుకును మా బడిలోనే చేర్చాడు. ఆ చిన్నవాడు కూడా పుస్తకం ముందే చదివేస్తున్నాడు. ఈసారి వాడి చేత శిక్షగా నకలు రాయించలేదు. అబ్బూ ఖాన్ మేక కథ చేతికిచ్చి, ఎవరు గెలిచారో ఇంట్లో నాన్నతో వాదించి రమ్మన్నాము. మరునాడు వచ్చి, నాన్న తోడేలు అన్నాడని, తాను ఒప్పుకోలేదని చెప్పాడు.

అల్లాహ్ మర్హూమ్ జాకిర్ సాహెబ్‌కు జన్నత్ ప్రసాదించుగాక. మన పిల్లల్లో ఒక్క జహీన్ బిడ్డ కూడా మన అశ్రద్ధ వల్ల నష్టపోకుండా మనకు తౌఫీఖ్ ఇచ్చుగాక. ఆమీన్.